ఉంగరం బిగుసుకునే ఏళ్లలో గుండెకు జరిగేది

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో నలభై దాటిన మనిషికి బీపీ ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. షుగర్ కూడా ఉందంటే, ఈ రోజుల్లో ఎవరికి లేదులే అని సరిపెట్టుకుంటారు. గురకకు ఒళ్లు రావడం కారణమని, మోకాళ్ల నొప్పులకు వయసు కారణమని, వేళ్ల తిమ్మిర్లకు చేసే పని కారణమని ఎవరికి వారే తేల్చేసుకుంటారు. అయితే ఇవన్నీ ఒకే మనిషిలో, కొన్నేళ్ల వ్యవధిలో ఒకదాని వెనుక ఒకటి వచ్చి, వాటితోపాటు పెళ్లినాటి ఉంగరం వేలికి బిగిసిపోయి, చెప్పుల సైజు ఏడు నుంచి తొమ్మిదికి పెరిగిందంటే మాత్రం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని అనుమానించాలి. ఆ అనుమానం రావడానికి సాధారణంగా అయిదు నుంచి పదేళ్లు పడుతోంది. ఎక్రోమెగలీ అనే ఈ జబ్బులో గుండెకు జరిగే నష్టం చాలావరకు ఆ ఆలస్యంలోనే పేరుకుంటుంది.

పిట్యూటరీ సుమారు అర గ్రాము బరువుండే చిన్న గ్రంథి. అది విడుదల చేసే గ్రోత్ హార్మోను కాలేయాన్ని ప్రేరేపించి ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయిస్తుంది; ఒంట్లో పెరుగుదల పనులు ఎక్కువగా ఈ రెండో పదార్థం ద్వారానే సాగుతాయి. గ్రంథిలో క్యాన్సర్ కాని కణితి ఒకటి ఏర్పడి, అదుపు లేకుండా హార్మోనును వదులుతూ ఉండడమే నూటికి తొంభై అయిదుకు పైగా రోగుల్లో ఈ జబ్బుకు మూలం. ఎముకల చివర్లు ఇంకా అతుక్కోని చిన్న వయసులో ఇది మొదలైతే మనిషి అసాధారణమైన ఎత్తు పెరుగుతాడు. పెద్దయ్యాక మొదలైతే ఎత్తు పెరగదు. చేతులు, పాదాలు, దవడ, ముక్కు, నాలుక పెరుగుతాయి. కుస్తీ ప్రదర్శనలతో మన ఇళ్లలోనూ పేరు తెచ్చుకున్న ది గ్రేట్ ఖలీకి 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పిట్యూటరీ కణితికి శస్త్రచికిత్స జరిగింది. అదే రంగంలో అంతకుముందు తరానికి చెందిన ఆండ్రే ది జెయింట్ 1993లో, 46 ఏళ్ల వయసులో, గుండె వైఫల్యంతో మరణించాడు.

ఇది అరుదైన జబ్బే. వివిధ దేశాల సర్వేలను బట్టి పది లక్షల జనాభాకు సుమారు 30 నుంచి 130 మంది దాకా ఉంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో 27 లక్షలు, ఉమ్మడి విజయనగరంలో 23 లక్షల మంది ఉన్నారు. అదే నిష్పత్తి ఇక్కడా వర్తిస్తే రెండు జిల్లాల్లో కలిపి 150 నుంచి 650 మందికి ఈ జబ్బు ఉండాలి. ఇది కేవలం గుణకారం, సర్వే కాదు. అయినా వీరిలో చాలామంది ఈ పాటికే ఏదో ఒక ఆసుపత్రి ఓపీలో బీపీ మాత్రల కోసమో, షుగర్ మాత్రల కోసమో వరుసలో నిలబడుతూ ఉంటారని అనుకోవడానికి ఆ గుణకారం సరిపోతుంది.

ఈ జబ్బును ఫ్రెంచి వైద్యుడు పియేర్ మారీ 1886లో వర్ణించి పేరు పెట్టాడు. తొమ్మిదేళ్లకే, 1895లో, అదే దేశానికి చెందిన ఆన్రీ యూషార్ ఈ రోగుల్లో గుండె కూడా పెరుగుతోందని గుర్తించాడు. గుండె పెరగడానికి బీపీ, షుగర్లే కారణమా, లేక హార్మోను నేరుగా గుండె కండరం మీద పనిచేస్తోందా అన్న ప్రశ్న మీద ఆ తరవాత చాలా కాలం వాదన నడిచింది. బీపీ గానీ షుగర్ గానీ లేని, జబ్బు మొదలై ఎన్నో ఏళ్లు కాని యువరోగుల్లో సైతం గుండె గోడలు మందమెక్కి కనిపించడంతో ఆ వాదన ఒక కొలిక్కి వచ్చింది. గ్రోత్ హార్మోనును, ఐజీఎఫ్-1ను అందుకునే గ్రాహకాలు గుండె కండర కణాల మీదే ఉన్నాయి కాబట్టి హార్మోను సొంతంగానే హాని చేయగలదు. బీపీ తోడైతే ఆ హాని వేగం పుంజుకుంటుంది.

మొదటి దశలో గుండె చెడిపోతున్నట్టు కనిపించదు సరికదా, ఇంకా చురుగ్గా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఐజీఎఫ్-1 ప్రభావంతో కండర కణాలు గట్టిగా ముడుచుకుంటాయి, రక్తనాళాలు కాస్త సడలి గుండె ముందున్న నిరోధం తగ్గుతుంది, నాడి వేగం పెరుగుతుంది, నిమిషానికి గుండె పంపే రక్తం పరిమాణమూ పెరుగుతుంది. మనిషి దిట్టంగా, చేతులు బలంగా ఉంటాడు. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు మొదలుకొని, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి దాకా దేహబలాన్ని గౌరవించడం తెలిసిన నేల ఇది. విజయనగరం దగ్గరి కొండవెలగాడలో ఈనాటికీ పిల్లలు బరువులెత్తుతూ పెరుగుతున్నారు. సాధనతో వచ్చిన బలానికీ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. కానీ పెద్ద చేతుల్నీ వెడల్పాటి దవడనీ చూస్తే కష్టజీవి అని మెచ్చుకునే చోట జబ్బు మనిషి మెప్పు చాటున దాగిపోవడం తేలిక.

ఈ తొలి దశ చురుకును చూసి వైద్యశాస్త్రమే ఒకసారి ఆశపడింది. గుండె బలహీనపడి సాగిపోయిన ఏడుగురు రోగులకు గ్రోత్ హార్మోను ఇస్తే మేలు జరిగిందని ఇటలీ పరిశోధకులు 1996లో ప్రకటించారు. 1998లో జర్మనీలో 50 మందిని రెండు గుంపులుగా చేసి పరీక్షించినప్పుడు గుండె కండరం బరువు పెరిగింది గానీ రోగి పరిస్థితి మెరుగుపడలేదు. కండరం పెరగడం, పనితీరు పెరగడం వేర్వేరని అంతకన్నా స్పష్టంగా చూపిన ప్రయోగాలు తక్కువ. డాక్టరు చీటీ లేకుండా, కండలు పెంచుకోవడం కోసం జిమ్ముల్లో ఈ ఇంజక్షన్ల గురించి వాకబు చేసే కుర్రాళ్లకు ఎవరైనా ముందు చెప్పవలసిన సంగతి ఇదే.

హార్మోను తగ్గకుండా ఏళ్లు గడిస్తే గుండె రెండో దశలోకి జారుతుంది. జఠరికల, అంటే గుండె కింది గదుల, గోడలు రెండువైపులా లోపలికి మందమవుతాయి. కణాలు లావెక్కడంతోపాటు వాటి మధ్య కొల్లాజెన్ పీచు పేరుకుంటుంది, కండర పోగుల అమరిక చెదురుతుంది, అక్కడక్కడా కణాలు చనిపోతాయి. ఇలాంటి గుండె ముడుచుకోగలదు కానీ సడలలేదు. కొలిమితిత్తి తోలు ఎండి బిరుసెక్కితే ఎంత గట్టిగా నొక్కినా లాభం ఉండదు, ఎందుకంటే అది విచ్చుకుని గాలి పీల్చుకోలేదు. గుండె విషయంలో ఆ గాలి స్థానంలో ఉన్నది ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం. నిండడానికి చోటు చాలని రక్తం వెనక్కి ఒత్తిడి పెంచడంతో మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు ఆయాసం మొదలవుతుంది.

గుండెకు తీసే స్కానింగ్ అయిన ఎకో రిపోర్టులో ఇది ఎలా కనిపిస్తుందో చూస్తే మోసం ఎక్కడుందో అర్థమవుతుంది. ఎడమ జఠరిక గోడ మందం 14 మిల్లీమీటర్లు, ఈఎఫ్ 62 శాతం, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని ఒక కాగితం మీద ఉందనుకుందాం. ఈఎఫ్ అంటే నిండిన రక్తంలో ఎంత శాతాన్ని గుండె బయటికి నెట్టుతోందో చెప్పే లెక్క. 62 అంటే నిక్షేపంలాంటి అంకె. డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటే గుండె సరిగ్గా సడలకపోవడం; గ్రేడ్ 1 దానికి తొలి మెట్టు. చాలామంది రోగులు, కొందరు వైద్యులు కూడా, ఆ అంకె చూసి ఊపిరి పీల్చుకుంటారు. అసలు చదవవలసింది మిగిలిన రెండింటినీ. గోడ మందం మామూలుగా 11 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటిందంటే కారణం వెతకాలి. ఈ రోగుల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు బాగానే ఉన్న ఈఎఫ్, శ్రమ చేసినప్పుడు పెరగవలసినంత పెరగదన్న సంగతి ఆ కాగితంలో ఉండనే ఉండదు. నెల్లిమర్ల జ్యూట్ మిల్లులో బేళ్లు మోసే కార్మికుడికి మంచం మీద పడుకోబెట్టి తీసిన ఎకో బాగుందని చెప్పడం అతని ఆయాసానికి జవాబు కాదు.

వ్యాయామం చేసేవారి గుండె కూడా పెరుగుతుంది కదా అని ఇక్కడ సందేహం రావచ్చు. ఆ పెరుగుదలలో గుండె సడలే గుణం చెడదు, తరచూ ఇంకా మెరుగవుతుంది. సాధన ఆపి కొన్ని నెలలు గడిస్తే గోడల మందమూ తగ్గుముఖం పడుతుంది. హార్మోను వల్ల పెరిగిన గుండె విశ్రాంతితో తగ్గదు.

మూడో దశలో మందమెక్కిన గుండె క్రమంగా సాగి, ముడుచుకునే బలాన్ని కూడా పోగొట్టుకుంటుంది. కాళ్ల వాపులు, పడుకుంటే ఊపిరాడకపోవడం, చివరికి పూర్తి గుండె వైఫల్యం వస్తాయి. ఈనాడు ఈ దశ దాకా చేరేవారు రోగుల్లో నూటికి కొద్దిమందే. చేరినవారికి మాత్రం, హార్మోనును అదుపు చేసినా, పోయిన బలం పూర్తిగా తిరిగి రావడం కష్టం.

బీపీ సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎక్రోమెగలీ రోగుల్లో సుమారు మూడో వంతు మందికి బీపీ ఉంటుంది. గ్రోత్ హార్మోను మూత్రపిండాల చేత ఉప్పును పట్టి ఉంచేలా చేస్తుంది, ఉప్పుతోపాటు నీరు నిలిచి రక్తం పరిమాణం పెరుగుతుంది, దీర్ఘకాలంలో రక్తనాళాల గోడలు కూడా బిరుసెక్కుతాయి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, బీపీ పెరిగిందంటే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడమనడం అక్కడి అనుభవం నేర్పిన జాగ్రత్త. దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు తీవ్రత అలాంటిది, కిడ్నీ జబ్బులోనూ గుండె గోడలు మందమవుతాయి. చిక్కల్లా, క్రియాటినిన్ బాగుందని తేలాక వెతుకులాట అక్కడితో ఆగిపోవడంలో ఉంది. ముఖం, చేతులు లావెక్కడాన్ని నీరు పట్టడంగా భావించడం కూడా అక్కడ సులువుగా జరిగే పొరపాటు. నీటి వాపు వేలితో నొక్కితే గుంట పడుతుంది, మాత్రతో తగ్గుతుంది. ఈ జబ్బులో చర్మమూ దాని కింది కణజాలమూ మందమవుతాయి కాబట్టి గుంట పడదు, మాత్రకు తగ్గదు.

షుగర్ విషయానికొస్తే, గ్రోత్ హార్మోను ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. రోగుల్లో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా మధుమేహం ఉంటుంది. గురక మాత్రం అంత తేలిగ్గా దాటేసే విషయం కాదు. నాలుక, గొంతులోని మెత్తటి కణజాలం పెరిగి నిద్రలో శ్వాసమార్గం మూసుకుపోవడం ఈ రోగుల్లో సగానికి పైగా మందిలో కనిపిస్తుంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, మెదడు ఉలిక్కిపడి శరీరాన్ని మేల్కొలుపుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. రాత్రిపూట తగ్గవలసిన బీపీ తగ్గకపోవడం, గుండె పై గదులైన కర్ణికలు అదుపు తప్పి కొట్టుకోవడం రెండింటికీ ఇది దారి తీస్తుంది. గురకలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని చెప్పగలిగేది పక్కన పడుకునే మనిషే కాబట్టి, డాక్టరు దగ్గరికి భార్యనో భర్తనో వెంటబెట్టుకు వెళ్లడం వల్ల ఇక్కడ నిజమైన ప్రయోజనం ఉంది.

గుండె లయ తప్పడం ఈ జబ్బులో తక్కువగా పట్టించుకునే కోణం. పీచు పేరుకున్న కండరంలో విద్యుత్ ప్రవాహం సాఫీగా సాగదు. అదనపు కొట్టుకోళ్లు, కర్ణికల దడ, ఒక్కోసారి ప్రమాదకరమైన జఠరికల దడ వస్తాయి. ఒక్క నిమిషం కూడా తీయని ఈసీజీలో ఇవి దొరక్కపోవచ్చు. 24 గంటలు రికార్డు చేసే హోల్టర్ పరీక్షలో బయటపడతాయి. గుండె దడదడలాడి కళ్లు తిరిగాయని చెప్పే రోగికి ఈసీజీ బాగుందన్న సమాధానం చాలదు.

కవాటాల కథ వేరు. గుండెలోని కవాటాల రెక్కలు, వాటిని పట్టి ఉంచే వలయాలు కూడా కొల్లాజెన్, జిగురు పదార్థాలు చేరి రూపం మారిపోతాయి. ఫలితంగా బృహద్ధమని కవాటం, ద్విపత్ర కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. బృహద్ధమని మొదలు కూడా కొందరిలో వెడల్పవుతుంది. హార్మోను అదుపులోకి వస్తే కండరం మందం తగ్గుతుంది కానీ కవాటాలకు జరిగిన మార్పు వెనక్కి పోదు. జబ్బు నయమైందన్న పదేళ్ల తరవాత కూడా కవాటం కారడం కొనసాగవచ్చు, పెరగవచ్చు. ఆలస్యానికి చెల్లించే మూల్యం ఇంత కచ్చితంగా మిగిలిపోయే చోటు గుండెలో మరొకటి లేదనే చెప్పాలి. గుండె రక్తనాళాల్లో పూడికల విషయంలో మాత్రం ఈ జబ్బు సొంతంగా ముప్పు పెంచుతుందని గట్టిగా చెప్పే ఆధారాలు లేవు. బీపీ, షుగర్, కొవ్వు, పొగతాగే అలవాటు ఉన్నవారికి అందరికీ ఉండే ముప్పే వీరికీ ఉంటుంది.

ఇన్ని అవయవాల్లో కనిపించే జబ్బు ఇన్నేళ్లు ఎందుకు దొరకదన్న ప్రశ్నకు, మార్పు మెల్లగా రావడమే మొదటి జవాబు. రోజూ చూసే ఇంటివాళ్లకు అది తెలియదు. పైడితల్లి సిరిమానోత్సవానికి ఏడాదికోసారి ఊరికి వచ్చే చుట్టమే 'ముఖం ఇలాగైపోయిందేటి బావా' అని అడుగుతాడు. రెండో కారణం, రోగి ఒక్కడే అయినా ఫిర్యాదులు తలా ఒక గదికి వెళ్లడం. జీడిపప్పు ఒలిచే పలాస మహిళకు వేళ్లు తిమ్మిరెక్కితే ఎముకల డాక్టరు మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని సరిగ్గానే చెబుతాడు. రెండు చేతులకూ ఎందుకొచ్చిందని, గాజులు ఎప్పటి నుంచి ఎక్కడం లేదని అడిగే తీరిక ఓపీలో ఉండదు. పదేళ్ల కిందటి ఆధార్ కార్డు ఫొటోనో పెళ్లి ఫొటోనో పక్కన పెట్టి చూడడానికి పైసా ఖర్చు లేదు. చాలా సందర్భాల్లో ఖరీదైన పరీక్షలన్నిటికన్నా ముందు జబ్బును పట్టించేది అదే.

అనుమానం వచ్చాక దారి స్పష్టంగానే ఉంది. గ్రోత్ హార్మోను రోజంతా ఎగుడుదిగుడుగా విడుదలవుతుంది కాబట్టి ఏదో ఒక సమయంలో తీసిన రక్తంలో దాని విలువ చూసి ఏమీ తేల్చలేం. స్థిరంగా ఉండే ఐజీఎఫ్-1ను వయసుకు తగిన ప్రమాణంతో పోల్చి చూడాలి. అది ఎక్కువగా ఉంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి, ఆ తరవాత గ్రోత్ హార్మోను తగ్గుతోందో లేదో పరీక్షిస్తారు. ఆరోగ్యవంతుల్లో అది మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కన్నా కిందికి పడిపోవాలి, నేటి సూక్ష్మ పరీక్షల్లో 0.4 కన్నా కిందికి. ఆ తరవాత పిట్యూటరీకి ఎంఆర్ఐ తీస్తారు. మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే హెచ్చరికలు రెండున్నాయి. షుగర్ బాగా అదుపు తప్పినప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు, సరైన తిండి లేనప్పుడు ఐజీఎఫ్-1 తగ్గిపోయి, జబ్బున్నా లేనట్టు కనిపిస్తుంది. కిడ్నీలు విఫలమైనవారిలో దీనికి విరుద్ధంగా, జబ్బు లేకపోయినా గ్రోత్ హార్మోను ఎక్కువగా ఉండి, గ్లూకోజు తాగినా తగ్గకపోవచ్చు. ఉద్దానం రోగి విషయంలో ఈ రిపోర్టులను హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రైనాలజిస్టు చదవడమే క్షేమం. ఎంఆర్ఐలో గాడోలినియం అనే మందు వాడతారు కాబట్టి, కిడ్నీ రోగులు తమ జబ్బు సంగతి అక్కడా ముందే చెప్పాలి.

చికిత్సలో మొదటి అడుగు సాధారణంగా శస్త్రచికిత్సే. ముక్కు లోపలి నుంచి వెళ్లి కణితిని తొలగిస్తారు. కణితి 10 మిల్లీమీటర్ల లోపు ఉన్నప్పుడు నేర్పరి సర్జన్ల చేతిలో నూటికి ఎనభై మందికి పైగా జబ్బు అదుపులోకి వస్తుంది. అంతకన్నా పెద్దదైతే ఆ అవకాశం సగానికి అటూ ఇటూగా పడిపోతుంది. మిగిలిపోయిన జబ్బుకు ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ వంటి నెలకోసారి ఇచ్చే ఇంజక్షన్లు, కేబర్గోలిన్ మాత్రలు, హార్మోను పనిని అడ్డుకునే పెగ్విసోమాంట్, రేడియేషన్ ఉన్నాయి. హార్మోను తగ్గిన కొన్ని నెలల్లోనే గుండె గోడల మందం తగ్గడం, సడలే గుణం మెరుగవడం, ఆయాసం తగ్గడం కనిపిస్తాయి. జబ్బు కాలం తక్కువగా ఉన్న యువకుల్లో ఈ మేలు ఎక్కువ. అదుపులో లేని రోగుల్లో మరణాల రేటు సాధారణ జనాభాకు దాదాపు రెట్టింపని, ఆ మరణాల్లో సుమారు 60 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని పాత లెక్కలు చెప్పేవి. గ్రోత్ హార్మోను, ఐజీఎఫ్-1 రెండూ మామూలు స్థాయికి వచ్చినవారిలో ఆయుర్దాయం మిగతావారితో సమానమవుతోందని తరవాతి అధ్యయనాలు చూపాయి. కొన్ని దేశాల ఇటీవలి లెక్కల్లోనైతే ఈ రోగుల మరణాలకు మొదటి కారణం గుండె కాకుండా పోయి, క్యాన్సర్ ఆ స్థానంలోకి వచ్చింది.

శస్త్రచికిత్సకు ముందు గుండె పరీక్ష లాంఛనం కాదు. పెద్ద నాలుక, పెరిగిన దవడ వల్ల మత్తు డాక్టరుకు గొట్టం వేయడమే కష్టం. దానికి బిరుసెక్కిన గుండె తోడైతే ఎక్కించే సెలైన్ కొంచెం ఎక్కువైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆక్ట్రియోటైడ్ వర్గపు మందులు నాడిని నెమ్మదింపజేస్తాయి కాబట్టి, అప్పటికే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు వాడుతున్నవారు ఆ సంగతి చెప్పి ఈసీజీ తీయించుకోవాలి. ఈ ఇంజక్షన్ల ఖరీదు ఎక్కువ, దూరాలూ తక్కువ కాదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ కేజీహెచ్‌కు రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. అందుకని నెలనెలా అంత దూరం వెళ్లలేక మధ్యలో ఇంజక్షన్లు మానేయడం అర్థం చేసుకోదగినదే అయినా, మానేసిన కాలమంతా హార్మోను మళ్లీ పెరుగుతూనే ఉంటుంది. ఇంజక్షన్‌ను విశాఖలో రాయించుకుని, వేయించుకోవడం, బీపీ, ఎకో చూపించుకోవడం శ్రీకాకుళం లేదా విజయనగరం జిల్లా కేంద్రంలోనే జరిగేలా డాక్టర్లిద్దరితో ముందే మాట్లాడుకుంటే సగం భారం తగ్గుతుంది.

ఆపరేషన్ అయ్యాక బీపీ మాత్రలు వాటంతట అవే అక్కర్లేకుండా పోతాయని చాలామంది అనుకుంటారు. రక్తనాళాలు బిరుసెక్కినవారిలో హార్మోను తగ్గినా బీపీ మిగులుతుంది, కాబట్టి డాక్టరు తగ్గించే దాకా మాత్ర ఆపకూడదు. ఎదురు దిశలోనూ ఒక ముప్పుంది. శస్త్రచికిత్స వల్లగానీ, ఏళ్ల తరవాత రేడియేషన్ ప్రభావం వల్లగానీ పిట్యూటరీ పూర్తిగా చచ్చుబడితే కార్టిసాల్, థైరాయిడ్‌తోపాటు గ్రోత్ హార్మోను కూడా లోపిస్తుంది. ఆ లోపంలో కొవ్వు పెరిగి, గుండె కండరం పలచబడి, మళ్లీ గుండెజబ్బు ముప్పే ఎదురవుతుంది. నయమైన రోగికి సైతం ఐజీఎఫ్-1ను ఏటా చూడడం, కవాటం కారుతున్నవారికి ఎకోను గుండె డాక్టరు చెప్పిన వ్యవధిలో తీయించడం, పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో ఉంచి ప్రతిసారీ గోడ మందం అంకెను కిందటిసారి అంకెతో పోల్చి చూడడం ఇందుకే.